జీడి మరకల వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో మొదట పాడైంది మా అమ్మాయి తెల్లకోటు. పాడుచేసింది వాళ్ల నాన్న. బాగుచేస్తానని దూకి ఇంకా పాడుచేసింది నేను.

హిమజ టెక్కలిలో నర్సింగ్ రెండో సంవత్సరం. శనివారం మా ఊరు వచ్చి, సోమవారం పొద్దున్నే పలాస మీదుగా వెళ్లిపోతుంది. ఏప్రిల్ మొదటి సోమవారం ఆటో ముంగిట్లో నిలబడి ఉంది. పలాసలో స్నేహితుడికి ఇవ్వాలని మా ఆయన మోహన్ తోటలోంచి జీడిపళ్ల గంప తెచ్చి వెనక సీటులో దింపాడు. దాని కింద హిమజ బ్యాగు ఉందని చూసుకోలేదు. పిల్ల టిఫిను తిని వచ్చేసరికి పళ్లరసం గంపలోంచి బ్యాగులోకి దిగిపోయింది.

కోట్లు తీసి చూశాం. రంగేమీ లేదు, ఉత్త తడి. జీడిరసంతో వచ్చిన చిక్కే అది. పడినప్పుడు నీళ్లలాగే ఉంటుంది.

"అమ్మా, శుక్రవారం ప్రాక్టికల్స్. ఉన్నవే రెండు కోట్లు. చిన్న చుక్క కనిపించినా మేడమ్ వార్డులోకి రానివ్వరు. కొత్తది కుట్టించాలంటే పది రోజులు పడతాది," అంది హిమజ.

"చుక్కేటి, మచ్చేటి! గురువారం సాయంత్రానికి నీ కోట్లు నీ చేతిలో ఉంటాయి. నువ్వెల్లు," అన్నాను.

అంత ధీమా ఎందుకంటే, మా మావగారు నారాయణరావు గారు తెలుపు తప్ప వేరే రంగు ఒంటిమీద వేసుకోరు. మా ఊరికి పదేళ్లు సర్పంచిగా చేసిన మనిషి. మడత నలగని పంచె, గంజి పెట్టిన లాల్చీ. వాషింగ్ మెషీను కొన్న ఆరేళ్లుగా ఆ తెలుపంతా నా చేతిదే. ఎవరింటికొచ్చినా చుట్టాలు మా దండెం వైపు ఓసారి చూసేవారు.

ఆ ధీమాతోనే కోట్లకి సబ్బు పెట్టి రుద్దాను. నా కళ్లముందే తడి మచ్చలు టీ రంగుకి, టీ రంగు నుంచి ఇటుక రంగుకి తిరిగాయి. ఇంకా రుద్దాను. ఇంకా ఎర్రబడ్డాయి. భయమేసి, ఒక కోటుని బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లలో తెల్లవార్లూ నానబెట్టాను. పొద్దున్న తీసి పిండబోతే జేబు దగ్గర తడిసిన కాగితంలా విడిపోయింది. మిగతా గుడ్డంతా పాలిపోయి పసుపు తిరిగింది. మరక మాత్రం అలాగే ఉంది.

మోహన్ ఆ కోటు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"రత్నాలమ్మని అడగలేకపోయావా?"

ఆ పేరు మా ఇంట్లో ఆరేళ్లుగా ఎవరూ ఎత్తలేదు.

రత్నాలమ్మ ముప్పై ఏళ్లు మా ఊరి బట్టలు ఉతికింది. వారానికి రెండుసార్లు మా పెరటి గుమ్మంలోకొచ్చి మూట తీసుకెళ్లేది. మెషీను వచ్చిన మర్నాడు ఎప్పటిలాగే వచ్చి నిలబడింది. నేను వంటింటి కిటికీలోంచి, "ఇవాళ్టి నుంచి అక్కర్లేదు రత్నాలమ్మా," అన్నాను. అంతే. బయటికైనా రాలేదు.

మిగిలిన కోటు సంచిలో పెట్టుకుని వాళ్ల వీధికి వెళ్లాను. అరుగుమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి.

"రత్నాలమ్మా, చిన్న మరక..."

తలెత్తలేదు. "మీకు మిసన్నుంది కదమ్మా. మిసన్నునే అడగండి."

ఎదురింటి వాళ్లు తలుపు చాటునుంచి చూస్తున్నారు. వెనక్కి తిరిగిపోవచ్చు. కానీ శుక్రవారం మూడు రోజుల్లో ఉంది. అదొక్కటే కాదు, ఆవిడన్న మాటలో తప్పేమీ లేదు.

"అప్పుడు గుమ్మంలోకొచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పే," అన్నాను.

అప్పుడు చూసింది నావైపు. చేయి చాపింది. కోటు తీసుకుని మరకని వేలితో తడిమింది, వాసన చూసింది, ఎండకి ఎత్తి పట్టుకుని నేతలోకి చూసింది.

"సబ్బెట్టీసినావు."

"పెట్టాను."

"ఇస్త్రీ?"

"లేదు."

"బ్లీసింగు?"

"దీనికి పెట్టలేదు. రెండోదానికి పెట్టాను."

"అది సచ్చిపోనాది. ఇదింకా బతికే ఉన్నాది." కోటు నా ఒళ్లో పెట్టింది. "నాను మీ ఇంటికి రాను. నా సేతులు వంగవు. రోజూ నువ్వే ఇక్కడికొచ్చి, నా రాతిమీదే సెయ్యాల. నాను సెప్తాను. ఇట్టమైతే సెయ్యి."

'మీకు' పోయి 'నువ్వు' వచ్చింది. నాకది బాగానే అనిపించింది. చీర కుచ్చిళ్లు దోపుకుని రాయి ముందు కూర్చున్నాను.

మొదట నేర్పింది చేతులు కట్టుకోవడం. నేను అలవాటు కొద్దీ రుద్దబోతే మోచేతిమీద ఒక్కటి వేసింది.

"రుద్దకు! రుద్దితే నేత సెదిరిపోద్ది, మరక ఇంకా లోనికెల్లిపోద్ది. కోటు తిరగెయ్యి. మరక ఎనకనుంచి పొయ్యి సన్నీళ్లు. ఎలగొచ్చిందో అలగే పోవాల."

చాలాసేపు పోశాను. తర్వాత ఇంట్లోంచి తరవాణి కుండ తెప్పించింది. గంజీ నీళ్లూ పోసి పులియబెట్టిన ఆ పులుపు నీళ్లు మా వైపు వేసవిలో ప్రతి ఇంట్లో ఉంటాయి, తాగడానికి. బట్టకి పెడతారని నాకు తెలియదు. అందులో కోటు ఒక రాత్రి నానింది. మర్నాడు కడిగి, మరకమీద నిమ్మరసం పిండి గడ్డిమీద పరిచాం. ఆరిపోనివ్వకూడదు. పావుగంటకోసారి నీళ్లు చిలకరిస్తూ ఎండలో ఆ పక్కనే కూర్చోవాలి. ఇద్దరం కూర్చున్నాం. పొద్దున పని మాటలే. మధ్యాహ్నం తన మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది. నేను హిమజ గురించి చెప్పాను.

"సిన్నప్పుడు నా మూటమీద ఎక్కి కూకుండీది గుంట. ఇప్పుడు సూదులేత్తాదా?" అని నవ్వింది.

బుధవారానికి ఇటుక రంగు లేత టీ రంగైంది. అక్కడ ఆగిపోయింది. ఎంత నిమ్మరసం పెట్టినా కదల్లేదు. ఆ సాయంత్రం ఫోన్లో చెబితే హిమజ వెంటనే అంది.

"అమ్మా, మా వార్డులో రక్తం మరకలకి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. మందుల షాపులో ఉంటాది. నీళ్లు కలిపి వాడాల. బ్లీచింగులాగ గుడ్డని తినదు. కానీ పులుపు మొత్తం కడిగేసిన తర్వాతే పెట్టు."

మోహన్ పలాస వెళ్లి సీసా తెచ్చాడు. రత్నాలమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

"ముందు లోపలి కుట్టుమీద ఒక్క సుక్క ఎయ్యి. గంటాగు. గుడ్డ ఒప్పుకుందా, అప్పుడు సూద్దాం."

గుడ్డ ఒప్పుకుంది. మరకమీద వేస్తే సన్నగా నురగ లేచింది. రెండుసార్లు వేశాం. గురువారం పన్నెండు గంటల ఎండలో కోటు పరిచి, ఇద్దరం రెండు వైపుల నుంచీ వంగి వెతికాం. మరక ఎక్కడుండేదో నాకు గుర్తు రాలేదు.

"ఓలమ్మ! ఇన్నేళ్లూ ఈ నీళ్ల గురించి నాకెవులూ సెప్పనేదేటి?" అంది రత్నాలమ్మ, సీసాని అటూ ఇటూ తిప్పుతూ.

సాయంత్రం మోహన్ కోటు పట్టుకుని టెక్కలి వెళ్లాడు. శుక్రవారం హిమజ వార్డులోకి వెళ్లింది.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ ఉద్దానం ఊళ్లనుంచి వచ్చి ఆ కాలేజీలో చదివే ఆడపిల్లలందరి ఇళ్లలోనూ జీడితోటలే. సెలవు రోజున జీడిపిక్కలు ఏరడానికి వెళ్లని పిల్ల లేదు. అందరి కోట్లమీదా ఎక్కడో ఒకచోట ఆ మచ్చ ఉంది, అందరూ మేడమ్ చేత తిట్లు తింటున్నారు. పై వారం హిమజ ఇంటికి ఆరు కోట్లు తెచ్చింది. ఆపై వారం పద్నాలుగు. కాలరు లోపల రంగు దారంతో ఒక్కో కుట్టు, ఎవరిదెవరిదో తెలియడానికి.

రత్నాలమ్మ వాకిలి చాల్లేదు. "మా ముంగిట్లో ఎండ ఎక్కువ. అక్కడికొస్తావా అత్తా?" అని అడిగాను. 'అత్తా' అని నోటికి అదే వచ్చింది. ఆవిడ తలెత్తి నావైపు చూసింది.

"ఎనక గుమ్మంలోంచి రాను."

"ముందు గుమ్మంలోంచే."

పనీ, వచ్చినదీ చెరిసగం అనుకున్నాం. మోహన్ ఉత్సాహంగా కొబ్బరితాళ్లు తెచ్చి ముంగిలంతా దండేలు కట్టాడు. రత్నాలమ్మ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"కొబ్బరితాడుమీద తెల్లగుడ్డేటి బాబూ! తడి తగిల్తే తాడు రంగు గుడ్డకి దిగిపోద్ది. ఇప్పీండి, ఇప్పీండి!"

మోహన్ నవ్వుతూ విప్పి, నైలాన్ తాళ్లు కట్టాడు.

మావగారు నవ్వలేదు. మొదటిరోజు ముంగిట్లో పద్నాలుగు కోట్లు ఎగురుతుండగా పేపరు మడిచి అరుగుమీద నుంచి లేచారు.

"కమలా, ఏటిది?"

"కాలేజీ పిల్లలవి మావయ్యా."

"ఊరోల్ల బట్టలు మన ముంగిట్లోనా? పదేళ్లు ఈ ఊరికి పెద్దరికం సేసినాను నాను. రేపు నలుగురూ ఏటనుకుంటారు? నారాయణరావు కోడలు బట్టలుతుకుతున్నాదనుకోరా?"

"ఉతుకుతున్నాను కదా మావయ్యా. అనుకోనీండి."

ఆయన ఊహించని జవాబు అది. నేనూ ఊహించలేదు. పక్కనే రత్నాలమ్మ వంచిన తల ఎత్తకుండా నిమ్మకాయ కోస్తోంది.

"అయితే నా బట్టలు ముట్టుకోకు," అన్నారు.

అప్పట్నుంచి ఆయన పంచెలు పలాసలో ఒక లాండ్రీకి వెళ్లేవి. మోహన్ తీసుకెళ్లేవాడు, తెచ్చేవాడు. అవి వారం వారం కొంచెం కొంచెం పసుపు తిరగడం నాకు కనిపిస్తూనే ఉంది. భోజనం వడ్డిస్తే తినేవారు. అరుగుమీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. రత్నాలమ్మ నాకు పాఠం చెబుతూనే ఉండేది. పసుపు మరకకి ఎండ చాలు. ఇనుప చిలుము మరకకి నిమ్మకాయా ఉప్పూ. సిరాకి ముందు కింద పాతగుడ్డ పెట్టాలి. ఏ మరకైనా సరే, పోయిందని కళ్లారా చూడకుండా ఇస్త్రీ పెట్టకూడదు. పేపరు వెనక మావగారు పేజీ తిప్పేవారు.

ఒకరోజు నేనే రత్నాలమ్మ కంటే ముందు మరక వాసన చూసి, "ఇది జీడి కాదత్తా, అరటిదూట," అన్నాను. ఆవిడ వాసన చూసి అవునంది. ఆ రాత్రి నాకు బాగా నిద్రపట్టింది.

మే మూడో వారం. ఆఖరి సంవత్సరం పిల్లలకి మర్నాడే పరీక్ష. మొత్తం ముప్పయ్యొక్క కోట్లు. మరకలన్నీ పోయాయి, ఆరడమొక్కటే మిగిలింది. పొద్దున్నే దండేలమీద వేసి, మందు సీసాలు అయిపోయాయని నేనూ రత్నాలమ్మా పలాస వెళ్లాం. మోహన్ దూరపు తోటలో ఉన్నాడు. ఇంట్లో మావగారొక్కరే.

తిరుగు బస్సు ఎక్కేసరికి సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. సగం దారిలో గాలి మొదలైంది. కొబ్బరి చెట్లు ఒకవైపుకి ఒరిగిపోయాయి. ఎర్రదుమ్ము లేచి, ఆ వెంటనే వాన.

"వాన తడికేటవదు," అంది రత్నాలమ్మ, నా చేయి గట్టిగా పట్టుకుని. తర్వాత కాసేపటికి, "ముంగిటి పక్కనే జీడిపళ్ల కుప్పుంది కదేటి?" అంది.

ఉంది. పిక్కలు తీసేసిన పళ్లన్నీ అక్కడే పోస్తాం. పులిసి, రసం కారుతూ మోకాలెత్తు కుప్ప. గాలికి కోట్లు ఎగిరి దానిమీద పడితే, రాత్రి గడిస్తే, ముప్పై మంది పిల్లలు పరీక్షకి ఏం తొడుక్కుంటారు? వాళ్లకి నేను మాటిచ్చాను. ఆవిడ కాదు, నేను.

బస్సు దిగి వానలోనే పరుగెత్తాం. రత్నాలమ్మ అంత నొప్పి మోకాళ్లతో నా వెనకే వచ్చింది. ముంగిట్లోకి వచ్చేసరికి దండేలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక తాడు తెగి బురదలో పడి ఉంది. ఒక్క కోటు కూడా లేదు.

ముందు గది తలుపు తీసే ఉంది.

మావగారి మంచంమీద, ఆయన తెల్ల దుప్పటిమీద, కోట్లు ఒకదానిమీద ఒకటి కుప్పగా ఉన్నాయి. ఆయన నేలమీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. తలనుంచి నీళ్లు కారుతున్నాయి. పంచె మోకాళ్ల దాకా ఎర్రబురద. ఒక పక్కంతా జీడిపళ్ల గుజ్జు. కుప్పలో పడ్డట్టున్నారు. మోచేయి గీరుకుపోయింది.

"మావయ్యా!"

"ముప్పయ్యొకటీ ఉన్నాయి," అన్నారు ఆయాసపడుతూ. "మూడు ఆ పళ్లల్లో పడిపోనాయి. అవి వేరేగా బకెట్లో ఎట్టినాను. సన్నీళ్లే పోసినాను, ఎనకనుంచి. సబ్బు తగల్నీనేదు."

నేనూ రత్నాలమ్మా ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏమయ్యేదో.

"బాబూ, ఆ పంచి ఇప్పి బేగి ఇలగిచ్చీండి. ఆరిపోతే కట్టం," అంది రత్నాలమ్మ.

"పంచికేటిలే. ముందు పిల్లల కోట్లు సూడు రత్నాలూ," అన్నారాయన.

రసం ఆరకముందే చన్నీళ్లు పడ్డాయి కాబట్టి ఆ మూడూ రాత్రికి తరవాణిలోనే చాలావరకు వదిలిపోయాయి. పొద్దున్న ఆరింటికే ఎండ కాసింది. తొమ్మిదింటికి మోహన్ ముప్పయ్యొక్క కోట్లూ టెక్కలిలో దించాడు.

పంచె గురించి మాకు మర్నాటిదాకా గుర్తే లేదు. అప్పటికి మరక బిగిసిపోయింది. వారం రోజులు పట్టింది తీయడానికి. ఆ వారంలో ఆయన రెండుసార్లు పేపరు పక్కన పెట్టి గడ్డిమీదకి వచ్చి, నీళ్లు చిలకరించి వెళ్లారు. పలాస లాండ్రీకి మళ్లీ బట్టలు వెళ్లలేదు.

జూన్‌లో జీడి అయిపోయింది. పనైపోతుందనుకున్నాను. అవలేదు. హాస్టల్ పిల్లల కోట్లతో పాటు వాళ్ల మేడమ్ చీరలు, ఎవరో లెక్చరరు పెళ్లినాటి పంచె, బళ్లోకెళ్లే పిల్లల సిరా చొక్కాలు వచ్చాయి. రోజూ టెక్కలికి మూటలు మోసే బదులు అక్కడే ఒక గది తీసుకుందామని రత్నాలమ్మే అంది. కాలేజీ రోడ్డులో నీలకంఠం అనే ఆయన గది ఖాళీగా ఉందని హిమజ కనుక్కుంది.

మేమిద్దరం బయల్దేరుతుంటే మావగారు చెప్పులు తొడుక్కున్నారు. "నాకు టెక్కలిలో పనుంది," అన్నారు. ఏం పనో చెప్పలేదు. బస్సు దిగాక మా వెనకే వచ్చారు.

గది మంచిదే. రోడ్డుమీదకి తలుపు, వెనక పెద్ద ఖాళీ స్థలం, రోజంతా ఎండ. నీలకంఠం మావగార్ని చూడగానే లేచి నమస్కారం పెట్టి కుర్చీ వేశాడు. మమ్మల్ని దాటి ఆయనతోనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఎవులికి బాబూ గది?"

"వీల్లిద్దరికీ."

"మరి మీరు సెప్పండి..."

"నన్నేటడుగుతావు? పని వాల్లది. వాల్లతోనే మాటాడు." కుర్చీలో కూర్చోకుండా అరుగు దిగి బయట నిలబడ్డారు.

నీలకంఠం ఇబ్బందిగా నావైపు తిరిగాడు. నేను మాట్లాడబోయేలోగా రత్నాలమ్మ వెనక స్థలంలోకి వెళ్లిపోయింది. బోరు మోటారు వెయ్యమంది. నీళ్ల తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, అంచుమీద గోరుతో గీకి నాకు చూపించింది. గోటికింద ఎర్రగా వచ్చింది. నేను దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో వేసుకున్నాను. ఇనుము రుచి.

"ఆర్నెల్లలో తెల్లగుడ్డ పసుపెక్కిపోద్ది," అన్నాను.

"ఆర్నెల్లెందుకు, మూడు సాలు," అంది రత్నాలమ్మ.

"అయ్యో, అంతా ఈ నీళ్లే తాగుతున్నారమ్మా! కాలేజీ ముందు ఇలాటి గది మీకు మళ్లీ దొరకదు," అన్నాడు నీలకంఠం. బయటికి చూసి, "బాబూ, మీరైనా సెప్పండి," అన్నాడు.

"వద్దండి. గది బాగుంది. నీళ్లు బాగాలేవు," అన్నాను నేను. కొంగుతో చేతులు తుడుచుకుని రత్నాలమ్మతో పాటు రోడ్డెక్కాను.

ఇంకో గది రెండు వీధుల అవతల ఉందట. ఎండ మండిపోతోంది. రత్నాలమ్మ ముందు, పక్కన నేను, రెండడుగుల వెనక మావగారు. కొంత దూరం పోయాక వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"రత్నాలూ, గోరెట్టి గీకితే తెలిసిపోద్దేటి ఇనుమున్నాదో లేదో?"

రత్నాలమ్మ వెనక్కి తిరక్కుండానే అంది.

"బేగి నడవండి బాబూ. అక్కడ సూపిత్తాను."